బరంపురమున రేడియో – మన తెలుగు

రేడియో వినుటయందు జనులకు ఇంత ప్రీతి యెందుకు? పాటలు, వార్తలు, నాటకములు ఇంటనే లభించును గనుక అని పలువురు చెప్పుదురు. అది నిజమే. కాని తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మనవంటి కుటుంబములకు వేరొక కారణము కూడ గలదు. మా బరంపురము సంగతి చెప్పి దానిని మనవి చేయుదుము.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు బరంపురము మద్రాసు రాజధాని నుండి విడివడి అందు చేరెను. 1938 జూను 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము ప్రారంభమయ్యెను. ఆ కేంద్రము ఆకాశమార్గము పట్టునప్పటికే మనము ఆ రాజధాని గడప దాటి యుంటిమి. ఐనను రేడియో తరంగములకు సరిహద్దు రాళ్లు అడ్డు గావు. మద్రాసు నుండి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల కార్యక్రమములు నడిపి తెలుగు బాలలకు ఆప్తులైరి.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను. మీడియం వేవు ప్రసారములు పగటివేళ నేల వెంబడి కొంతదూరమే పోవును. ప్రొద్దుక్రుంకిన పిదప పై వాయుమండలమున పరావర్తనము చెంది బహుదూరము చేరును. అందుచేత దూరపు కేంద్రములకై రాత్రి కావలెనని కాచుకొనుట అలవాటయ్యెను. గరగరల నడుమ ముల్లును వెండ్రుకవాసి జరిపి తెలుగు గొంతు దొరికినప్పుడు కలిగెడి సంతోషము అనుభవించినవారికే ఎరుక. 1963లో విశాఖపట్టణ కేంద్రము వచ్చుటతో తెలుగు మనకు మరింత చేరువయ్యెను.

బరంపురము పట్టు నేతకు ప్రసిద్ధి. మగ్గముపై కూర్చున్నవాని చేతులకు, కాళ్లకు, కన్నులకు తీరిక లేదు. చెవి యొక్కటే ఖాళీ. పత్రిక చదువవలెనన్న పని మానవలెను. రేడియోకు అక్కర లేదు. వంటయింటి ఇల్లాలికిని ఇంతే. నిత్యజీవితమున రేడియో ప్రియమగుటకు ఇది ముఖ్యకారణమని మా అభిప్రాయము.

మా బాల్యమున, 1970 ప్రాంతమున, మా వీధిలో రెండు మూడిండ్లనే రేడియో యుండెను. ఏటేట పోస్టాఫీసున లైసెన్సు రుసుము చెల్లింపవలసి యుండెను. మేము బడిలో చదివినది ఒడియా. తెలుగు అక్షరములు రావు. ఢిల్లీ నుండి తెలుగు వార్తలు వచ్చునప్పుడు మా తల్లిగారు మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టి క్రొత్త మాటలను పలికించెడివారు. బడిలో ‘యోజన’ అని చదివినదే తెలుగున ‘ప్రణాళిక’ యని మాకు తెలిసినది రేడియో వలననే. వేసవిలో చుట్టాలను చూడబోయినప్పుడు విజయవాడ కేంద్రమున ఉషశ్రీగారి రామాయణ ప్రవచనము వింటిమి. ఇంట పలికెడి యాస వేరైనను అంతయు అర్థమయ్యెను. ఇది మన భాషయే గదా యని ఆనాడు కలిగిన ధైర్యము నేటికిని మరువలేము. అక్షరములు నేర్చుకొనుట అటుపిమ్మట. ముందుగా చెవియే మాకు తెలుగు బడి.

ఇప్పుడు ఆ పెట్టెలు అటుకలు చేరినవి. ఆకాశవాణి తెలుగు కేంద్రములను చేతిఫోనులోనే వినవచ్చును. గరగర లేదు, రాత్రి కొరకు వేచియుండుట లేదు. కాని వినువారేరి? మా మనుమలు తాతమాట తెలిసికొందురు గాని ఒడియాలోనో ఇంగ్లీషులోనో బదులు చెప్పుదురు. దోషము వారిది గాదు. వారి చెవిని తెలుగు పడకుండ చేసినది మనమే. కావున దినమునకు పావుగంట, వంటవేళనో భోజనవేళనో, తెలుగు వార్తలు ఇంట మ్రోగనిండు. పిల్లలు వినకున్నను చెవిని పడును. మాకు భాష దక్కినది అట్లే.