కంటి నడుమ చిల్లు



వయస్సు మీరిన కొందరికి తిన్నని ద్వారబంధము వంకరగా కానవచ్చును. ఎదుటివాని భుజములు కనబడును గాని ముఖము కనబడదు. చదువబోయిన యక్షరమే మాయమగును. దీనిని శుక్లమనియో ముసలితనమనియో మనము సరిపెట్టుకొందుము. కాని యది వేరొక వ్యాధి కావచ్చును. కంటి వెనుక వెలుతురును గ్రహించు పొరను రెటీనా యందురు. దాని నడిమి భాగము మాక్యులా. చదువుటకును, ముఖములు గుర్తించుటకును అదియే యాధారము. అచ్చట నొక్కొక్కప్పుడు చిన్న చిల్లు పడును.

1869లో హెర్మన్ క్నాప్ అను వైద్యుడు దెబ్బతగిలిన కంటిలో ఇట్టి చిల్లును వర్ణించెను. అటుపిమ్మట నూరేండ్లకు పైగా వైద్యులు దానిని చూడగలిగిరే గాని పూడ్చలేకపోయిరి. దెబ్బ యెరుగని వృద్ధుల కండ్లలో అది యేల పడుచున్నదో తెలియలేదు. కారణము తెలియనిదే చికిత్స తోచదు గదా!

కంటి లోపల గ్రుడ్డు తెల్లసొనవంటి జిగురు పదార్థ ముండును. 1970లో అమెరికాలోని మయామీ నగరమున రాబర్ట్ మాకెమర్, కంటికి సన్నని రంధ్రముచేసి దానిని తొలగించు విధానమును నెలకొల్పెను. 1988లో ఆ నగరముననే గాస్ అను పండితుడు, ఆ పదార్థము మాక్యులాను లాగుటవలననే చిల్లు పడుచున్నదని ప్రతిపాదించెను. 1991లో కెల్లీ, వెండెల్ అను నిరువురు ఆ పట్టును విడిపించి, కంటిలో వాయువు నింపి, రోగిని బోరగిల నుంచిరి. వాయువు పైకి తేలి చిల్లును అదిమియుంచును. ఇట్లు 52 కండ్లకు చేయగా నూటికి 58 వంతున మూసుకొనెను.

తరువాత రెండు పద్ధతు లేర్పడెను. మొదటిది, చిల్లు చుట్టునున్న మిక్కిలి పలుచని పైపొరను ఒలిచి తీసివేయుట. బిగువు సడలి అంచులు దగ్గరకు వచ్చును. చిన్న చిల్లులకు ఇదియే సాధారణముగా చాలును. రెండవది పోలండు వైద్యులు 2010లో ప్రకటించినది. వారు ఒలిచిన పొరను పూర్తిగా పారవేయక, అంచుననే యుంచి చిల్లుపై మడిచి కప్పిరి. మిల్లీమీటరులో పదింట నాలుగు వంతులకు మించిన పెద్ద చిల్లులలో, మొదటి పద్ధతిచే నూటికి 88 మూసుకొనగా, దీనిచే 98 మూసుకొనెను.

ఐనను చిల్లు పూడుట వేరు, చూపు వచ్చుట వేరు. చిరకాలము నిలిచిన చిల్లు పూడినను చూపు కొంతయే తిరిగివచ్చును. శస్త్రము పిదప శుక్లము త్వరగా ముదురుటయు గలదు. కావున చిల్లు చిన్నదై యుండగనే వైద్యుని చేరుట మేలు.

రెండు కండ్లతో చూచినపుడు మంచికన్ను రెండవదాని లోపమును కప్పిపుచ్చును. అందుచే అప్పుడప్పుడు ఒక్కొక్క కన్ను మూసి ద్వారబంధమును చూడుడు. వంకరగా తోచినచో అది ఈ చిల్లో, మరియొక వ్యాధియో వైద్యుడే నిర్ణయింపవలెను. పూర్వులకు ఓర్చుకొనుట తప్ప వేరు గతి లేకుండెను. మనకు గలదు.