క్లెమెంటే ఇంటిపేరు



ఈసారి ఒక ఆటగాడి చరిత్ర రాస్తున్నాం. క్రికెట్ కాదు, బేస్‌బాల్. అమెరికా ఆట మనకెందుకని దాటిపోకండి. కొత్తగా అచ్చు వేయించే సభ్యుల పట్టికలో ఇంటిపేరుకు వేరే గడి పెట్టాలా, ఇనిషియల్ చాలునా అని పోయిన సమావేశంలో రెండు గంటలు వాదించుకున్నాం కదా. ఆ రాత్రి మాకు గుర్తొచ్చినవాడు ఇతనే.

రెండేళ్ళ కింద మేమిద్దరం అమ్మాయి ఇంటికి పిట్స్‌బర్గ్ పోయినాము. అక్కడి వేంకటేశ్వరస్వామి గుడి మన వాళ్ళకు తెలిసిందే, 1976 నుంచి ఉంది. గుడి చూసిన మరునాడు మనవడు ఊరి నడుమ నది మీది పసుపు వంతెన దాటించి బేస్‌బాల్ మైదానానికి తీసుకుపోయినాడు. వంతెన పేరు రాబర్టో క్లెమెంటే. మైదానంలో కుడివైపు గోడ 21 అడుగుల ఎత్తు. అతని చొక్కా మీది అంకె 21, అందుకని. ఆ అంకె ఎలా వచ్చిందంటే, పూర్తి పేరు రాబర్టో క్లెమెంటే వాకర్. ఇంగ్లీషు అక్షరాలు లెక్కపెడితే 7, 8, 6, మొత్తం 21 అని చెబుతారు. క్లెమెంటే నాయన ఇంటిపేరు, వాకర్ అమ్మ పుట్టింటి పేరు. స్పానిష్ వాళ్ళ వాడుకలో రెండూ పెట్టుకుంటారు, అమ్మది చివర వస్తుంది. ఈ వరుస గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1934లో ప్యూర్టోరికో ద్వీపంలో కరోలినా అనే ఊళ్ళో పుట్టాడు. ఏడుగురిలో కడగొట్టువాడు. నాయన మెల్చోర్ చెరకు తోటల్లో మేస్త్రీ. పిల్లవాడు స్కూల్లో ఈటె విసిరేవాడు. ఆ చెయ్యే తరువాత అన్నం పెట్టింది. ఔట్‌ఫీల్డరు అంటే మన క్రికెట్లో బౌండరీ దగ్గర నిలబడేవాడి వంటి వాడు. అంత దూరం నుంచి బంతి విసిరితే, పరుగెత్తేవాడి కంటే ముందు అది బేస్ చేరాలి. 1952లో, 18వ ఏట, సాంతుర్సే జట్టు వారానికి 40 డాలర్లకు పెట్టుకుంది.

1954 ఫిబ్రవరిలో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు 10,000 డాలర్లకు ఒప్పందం చేసుకుంది. ఇంకొక జట్టు దానికి దాదాపు మూడింతలు ఇస్తామంది. ముందే మాట ఇచ్చేశావు కదా, తప్పకూడదని తల్లి చెప్పిందట. ఆ కాలంలో ఒక నియమం ఉండేది. 4,000 డాలర్లకు మించి ఇచ్చి తీసుకున్న కుర్రవాణ్ణి పై జట్టులోనే ఉంచుకోవాలి. కింది జట్టుకు పంపితే సీజను అయ్యాక వేరే జట్టువాళ్ళు 4,000 కట్టి తీసుకుపోవచ్చు. బ్రూక్లిన్ వాళ్ళు అతన్ని కెనడాలోని మాంట్రియల్‌లో ఉన్న తమ కింది జట్టుకు పంపారు. ఎవరి కంటా పడకుండా దాచాలని చూశారు అంటారు. బాగా ఆడిన మరునాడే బెంచీ మీద కూర్చోబెట్టేవారని అతనే తరువాత చెప్పుకున్నాడు. 87 ఆటల్లో కనబడ్డాడు గానీ బ్యాటు పట్టింది తక్కువ. సగటు .257, అంటే వెయ్యి ప్రయత్నాలకు 257 హిట్లు. ఎదుటి బౌలరు ఎడమచేతివాడైతేనే ఆడించిన రోజులూ ఉన్నాయి కాబట్టి అంతా దాచడమే అనడం మాకు సరిగా తోచదు. కానీ 19 ఏళ్ళ పిల్లవానికి ఆ లెక్కలు ఎవరు చెబుతారు? ఊళ్ళో ఫ్రెంచి, జట్టులో ఇంగ్లీషు, వాడికి వచ్చింది స్పానిష్. ఇంటికి పోదామనుకున్నాడట.

దాచే విద్య మేము ఉద్యోగంలో చూసినదే. గట్టిగా పనిచేసే గుమాస్తా పేరు పైవాళ్ళ చెవిన పడితే ట్రాన్స్‌ఫర్ చేసుకుపోతారని, అతని చేత రాయించి కింద ఇంకొకరు సంతకం పెట్టేవాళ్ళు.

దాచినా దాగలేదు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున క్లైడ్ సుకెఫోర్త్ అనే ఆయన మాంట్రియల్ జట్టులోని వేరొక బౌలర్ని చూడడానికి వచ్చి, ఆటకు ముందు సాధనలో ఈ కుర్రవాడు బంతి విసరడం చూశాడు. పైరేట్స్ ఆ ఏడాది తమ లీగులో అందరికంటే కింద ఉన్న జట్టు, కాబట్టి ఎంచుకోవడంలో మొదటి వంతు వాళ్ళదే. నవంబరులో 4,000 కట్టి తీసుకుపోయారు. 1955 ఏప్రిల్ 17న మొదటి ఆట, ఎదుట ఉన్నది ఆ బ్రూక్లిన్ జట్టే. మొదటి సారి బ్యాటు పట్టుకునే హిట్టు కొట్టాడు.

వెంటనే తార అయిపోలేదు. కారు ప్రమాదంలో నడుము దెబ్బతిని ఉంది. మొదటి ఏడు సగటు .255. ఫ్లోరిడాలో సాధనకు పోతే నల్లవాళ్ళకు హోటల్లో చోటు లేదు, దారిలో తెల్ల ఆటగాళ్ళు దిగి తింటుంటే వీళ్ళు బస్సులోనే తినాలి. అది అతను ఒప్పుకోలేదు. ఇంకొక బాధ పేరుది. రాబర్టో అనడం కష్టమని బాబ్ చేశారు. పిల్లలు కొనుక్కునే ఆటగాళ్ళ బొమ్మ కార్డుల మీద 1957 నుంచి 1969 దాకా బాబ్ క్లెమెంటే అనే అచ్చు. పత్రికల వాళ్ళు అతని ఇంగ్లీషును ఉచ్చారణతో సహా అచ్చువేసేవారు, హిట్ అన్నది హీట్ అని. చదివినవాళ్ళు నవ్వుకునేవారు. నా పేరు రాబర్టో అని అతను చెబుతూనే ఉన్నాడు.

ఆట మాత్రం పెరుగుతూ పోయింది. 1960లో న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచారు, ఏడు ఆటల్లోనూ హిట్టు కొట్టాడు. అయినా ఆ ఏటి ఉత్తమ ఆటగాడి ఓట్లలో ఎనిమిదో స్థానం ఇచ్చారు, అది మనసులో పెట్టుకున్నాడు. మరుసటి ఏడు సగటు .351, లీగులో మొదటివాడు. అలా నాలుగు సార్లు. ఔట్‌ఫీల్డులో గోల్డ్ గ్లవ్ 12 సార్లు. 1966లో ఆ ఉత్తమ ఆటగాడి బహుమతీ వచ్చింది.

1971లో మళ్ళీ వరల్డ్ సిరీస్ గెలిచారు. సగటు .414, ఆ సిరీస్‌లో మేటి ఇతనే. దేశమంతా టీవీ చూస్తోంది. మైకు ముందు పెట్టగానే, ముందు మా అమ్మానాయనలకు స్పానిష్‌లో ఒక మాట చెప్పుకుంటానని అడిగి, పిల్లలకు తన దీవెన చెప్పి, తల్లిదండ్రుల దీవెన కోరాడు. మన ఇళ్ళలో ఉగాది పొద్దున చేసేదే అది. మనవడి ఫోనులో ఆ ముక్క చూసినాము. మాటలు అర్థం కాలేదు, ఇంట్లో ఆమె కళ్ళు తుడుచుకుంది.

1972 సెప్టెంబరు 30న 3,000వ హిట్టు. లీగు ఆటల్లో అదే చివరిది. డిసెంబరులో నికరాగ్వాలో భూకంపం వస్తే సహాయ సామాను తీసుకుని డిసెంబరు 31న విమానం ఎక్కాడు. అది సముద్రంలో కూలింది. వయసు 38. మామూలుగా ఐదేళ్ళు ఆగాలి, ఇతనికి ఆ నియమం పక్కన పెట్టి 1973లోనే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. గౌరవంగా పెట్టిన ఆ ఫలకం మీద ఏమని చెక్కారు? రాబర్టో వాకర్ క్లెమెంటే అని. అమ్మ ఇంటిపేరు మధ్యకు పోయింది, ఇంగ్లీషు వాళ్ళ నడిమి పేరులాగ.

మమ్మల్ని స్కూల్లో చేర్చినప్పుడు కూడా అంతే. ఇంటిపేరు అంటే రాసుకునేవారికి అర్థం కాలేదు. నాయన పేరు మొదటి అక్షరం ఒకటి నిలిచింది, ఇంటిపేరు పోయింది. చదువంతా తమిళంలోనే, తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర నేర్చుకున్నవి. ఉద్యోగంలోనూ అదే ఇనిషియల్, పెన్షన్ కాగితంలోనూ అదే. ఇవాళ అమ్మాయి పిల్లలకు మా ఇంటిపేరు చెబితే అది ఊరి పేరా తాతా అని అడిగారు.

27 ఏళ్ళ తరువాత, 2000లో, ఆ ఫలకం తీసేసి కొత్తది పోతపోయించారు. రాబర్టో క్లెమెంటే వాకర్ అని.

సభ్యుల ఫారంలో ఇంటిపేరు గడి ఉంచాలనే మా ఓటు. మాది నింపి ఇచ్చేశాం. మిగిలినవాళ్ళు నెలాఖరులోగా కార్యదర్శి గారికి అందజేయండి. ఇంటిపేరు సరిగా తెలియనివాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాయండి.