కల్లు (దిగువ కృష్ణా డెల్టా)

తాటి గెలను గానీ, ఈతచెట్టు మొవ్వు దగ్గర కాండాన్ని గానీ గీసినప్పుడు ఊరే తీపి నీరు తనంతట తానే పులిసి కల్లు అవుతుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో ప్రధానంగా తాటికల్లే. కాలవగట్ల మీద, పొలంగట్ల మీద, హంసలదీవి, పాలకాయతిప్పల వైపు ఇసుక నేలల్లో తాడిచెట్లు పెరుగుతాయి. గీత ఇక్కడ కుటుంబ వృత్తి. గౌడ, ఈడిగ, శెట్టిబలిజ కులాల వారిలో తండ్రి దగ్గర కొడుకు నేర్చుకుంటూ వచ్చిన పని.

పోతుతాడు పూగెలలనూ, పండుతాడు కాయగెలలనూ గీస్తారు. గీత కార్మికుడు మోకు అనే తాడు, పనిముట్ల ముస్తాదు సాయంతో చెట్టెక్కి, గెలను కట్టి, నొక్కి, కొన చెక్కుతూ కొన్నాళ్లు సాకితే గాని నీరు దిగదు. ఆ తర్వాత రోజూ పొద్దున, సాయంత్రం కొనను పల్చగా చెక్కి లొట్టి అనే కుండ కట్టాలి. చెక్కు మందమైతే గెల తొందరగా అరిగిపోతుంది. కాగితమంత పల్చగా తీయగలిగిన చేతికి అదే గెల వారాల తరబడి పారుతుంది. ఇది గొప్ప నేర్పు. లొట్టి లోపల సున్నం పూస్తే నీరు పులియకుండా నీరాగా నిలుస్తుంది, దాన్ని కాచి తాటిబెల్లం తీస్తారు. సున్నం లేకపోతే ఈస్ట్ పనిచేసి కొన్ని గంటల్లోనే కల్లవుతుంది. ఆల్కహాల్ సుమారు 4 నుంచి 6 శాతం. మర్నాటికి పులుపెక్కి, ఆ తర్వాత వినెగర్‌గా మారుతుంది.

ప్రాచీన ఆంధ్రదేశంలో మద్యపానం మామూలు విషయమే. హాలుని గాథాసప్తశతిలో మధుపాన ప్రస్తావనలున్నాయి. కృష్ణకు ఎగువన నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల కాలపు శిల్పాల్లో చేత కొమ్ముపాత్ర పట్టిన గడ్డపు మనిషి కనిపిస్తాడు. గ్రీకుల మద్యదేవత డయోనిసస్ పోలికలు అతనిలో ఉన్నాయని పండితులు అంటారు. మధ్యయుగాల పొడవునా గీత వృత్తి ఊళ్లలో సాగుతూనే వచ్చింది.

పదిహేడో శతాబ్దంలో డచ్చివారు 1606 నాటికి, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నానికి వచ్చారు. గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు ఇదే. ఇక్కడి నుంచి పారశీక సింధుశాఖలోని బందర్ అబ్బాస్‌కు ఓడలు నడిచేవి. పారశీకంలోని షిరాజ్ నగరపు ద్రాక్ష వైన్ గాజు సీసాల్లో ఆ దారినే హిందూదేశానికి వచ్చేది. యూరోపియన్ వర్తకుల బల్లల మీద దానికి పెద్ద పీట. వైన్ ఓడెక్కి నెలల ప్రయాణం తట్టుకుంటుంది. కల్లు సాయంత్రం దాటితే రుచి మారిపోతుంది కనుక చెట్టున్న ఊరు దాటలేదు. రేవు వ్యాపారంలో దాని స్థానం సారాగా కాచినప్పుడే.

ఆ సారా నుంచే పంచ్ పుట్టింది. సారాలో నిమ్మరసం, చక్కెర, నీరు, సుగంధద్రవ్యం కలిపితే పంచ్. ఇంగ్లీషులో ఈ పానీయం పేరు తొలిసారి కనిపించేది 1632 సెప్టెంబర్ 28 నాటి ఒక ఉత్తరంలో. రాబర్ట్ ఆడమ్స్ అనే అతను దాన్ని పెట్టపోలిలోని వర్తకుడు కోలీకి రాశాడు. పెట్టపోలి అంటే కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న నేటి నిజాంపట్నం. తర్వాత లండన్ విందుల్లో వెలిగిన పానీయం తొలి లిఖిత ఆధారం ఈ తీరానిది కావడం గర్వించదగ్గ విషయం.

బ్రిటిష్ పాలనలో 1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో గీత పూర్తిగా లైసెన్సు కిందికి వచ్చింది. చెట్టుకు పన్ను, కల్లుపాకకు వేలంపాట. లాభం పాటదారుదీ ఖజానాదీ, ప్రాణభయం చెట్టెక్కినవాడిది. 1921–22 సహాయ నిరాకరణ రోజుల్లో కల్లుపాకల ముందు పికెటింగులు జరిగాయి. 1937లో సేలంలో మొదలైన మద్యనిషేధం 1948 అక్టోబర్ 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వ్యాపించింది. తాటిబెల్లం సహకార సంఘాలు పెట్టారు గాని, బెల్లం అమ్మకం కల్లు ఆదాయానికి సాటి రాలేదు.

గీత కార్మికులు గట్టిగా నిలబడింది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకనే. గౌతు లచ్చన్న వారి సత్యాగ్రహాన్ని నడిపించారు. నిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫార్సును టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం అంగీకరించలేదు. 1954 నవంబర్ 6న శాసనసభలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి, ప్రకాశం మంత్రివర్గం పడిపోయింది. చెట్టెక్కే మనుషుల బతుకు సమస్య మీద ఒక ప్రభుత్వం కూలడం చరిత్రలో అరుదు.

1968 ఎక్సైజ్ చట్టం తర్వాత కల్లుగీత సహకార సంఘాలు, గీసేవాడికే చెట్టు పథకం వచ్చాయి. 1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమను ముంచింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. చెట్లు పట్టుకున్నవారిలో కొందరు బతికి బయటపడ్డారు. దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబర్ 1న సారాను నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చినా కల్లుకు మినహాయింపు ఇచ్చారు. ఆ నిషేధం 1997లో తొలగింది.

చెట్టు అద్దెను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 కల్లుగీత విధానంలో రద్దు చేసింది. 2025లో మద్యం దుకాణాల్లో 10 శాతం, అంటే 340 దుకాణాలను గీత కులాలకు కేటాయించారు.