ఎల్లాప్రగడ సుబ్బారావు ఔషధ వారసత్వం: క్యాన్సర్ చికిత్సానంతర నాడీ సమస్యల చరిత్ర

భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) జీవితాన్ని తెలుగువారు విజయగాథగా స్మరించుకుంటారు. ఆయన బృందం రూపొందించిన ఔషధాల చరిత్ర మాత్రం ఆయన మరణంతో ముగియలేదు. ఆ తరువాతి దశను, ముఖ్యంగా నాడీవ్యవస్థపై ఆ ఔషధాల ప్రభావాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరిన సుబ్బారావు నాయకత్వంలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. కణ విభజనకు అవసరమైన ఈ విటమిన్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడే రూపొందాయి. తీవ్ర లుకేమియాతో బాధపడుతున్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వగా 10 మందిలో తాత్కాలిక ఉపశమనం కనిపించిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు మరణించారు.

పిల్లల ఆయుర్దాయం పెరిగేకొద్దీ కొత్త సమస్య బయటపడింది. రక్తంలోని మందు మెదడుకు తగినంతగా చేరదు. అందువల్ల మెదడు పొరల్లో దాగిన లుకేమియా కణాలు వ్యాధిని తిరగబెట్టేవి. దీనికి పరిష్కారంగా 1960లలో మెంఫిస్‌లో డొనాల్డ్ పింకెల్ బృందం తలకు రేడియేషన్ ఇచ్చి, మెథోట్రెక్సేట్‌ను వెన్ను ద్రవంలోకి ఎక్కించింది. ఎందరో పిల్లలు బతికారు. అయితే వారిలో కొందరికి మెదడులోని తెల్లపదార్థం దెబ్బతింటున్నట్లు 1970లలో వైద్యులు గుర్తించారు. మూర్ఛలు, జ్ఞాపకశక్తి లోపం, చదువులో వెనుకబాటు దాని ఫలితాలు. రేడియేషన్ తరువాత మెథోట్రెక్సేట్ ఇచ్చినప్పుడు ఈ ముప్పు ఎక్కువ. క్రమంగా తలకు రేడియేషన్‌ను బాగా తగ్గించడానికి ఈ అనుభవమే ఒక ప్రధాన కారణం.

ఇదే మందు మూలకణ మార్పిడిలోనూ ప్రవేశించింది. ఎముక మజ్జ మార్పిడికి బాటవేసిన డొనాల్ థామస్ 1990లో నోబెల్ పురస్కారం అందుకున్నారు. దాత కణాలు రోగి శరీరంపై దాడి చేయకుండా మెథోట్రెక్సేట్‌ను వాడేవారు. 1980లలో దానికి సైక్లోస్పోరిన్ జతకలిసింది. సైక్లోస్పోరిన్ వల్ల కొందరిలో వణుకు, మూర్ఛలు, చూపు మసకబారడం కలుగుతాయి. సకాలంలో గుర్తించి మందు మారిస్తే ఇవి చాలావరకు తగ్గుతాయి. రోగనిరోధక శక్తి సన్నగిల్లిన దశలో మెదడుకు సోకే ఇన్ఫెక్షన్లు కూడా ఇలాంటి లక్షణాలనే చూపవచ్చు. కనుక మార్పిడి తరువాత వచ్చే ప్రతి నాడీ సమస్యకూ ఒకే మందును కారణంగా చూపలేము.

ఈ నష్టాలు సుబ్బారావు కృషి విలువను తగ్గించవు. మోతాదును, చికిత్సా విధానాన్ని సవరించుకుంటూ వైద్యం ముందుకు సాగిన తీరును అవి తెలుపుతాయి. బాల్యంలో లుకేమియాను జయించినవారు నేడు మన తరగతి గదుల్లో ఉండవచ్చు. వారి మందగమనాన్ని సోమరితనంగా భావించకుండా ఉండాలంటే, తెలుగులో వైద్యచరిత్ర రచన వ్యాధి నయమైన తేదీ దగ్గర ఆగిపోకూడదు.