వెబ్ పేజీ పుస్తకంగా మారిన కథ

మీ ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి ఎన్ని ట్యాబ్‌లు ఉన్నాయో ఒకసారి చూడండి. "తర్వాత చదువుదాంలే" అని వదిలేసినవే సగం ఉంటాయి, అవునా? పెద్ద వ్యాసం మొదలుపెడతాం. మధ్యలో ప్రకటన అడ్డం వస్తుంది. కింద నుంచి ఒక పెట్టె లేచి నోటిఫికేషన్లు కావాలా అంటుంది. బస్సు ఊరు దాటగానే సిగ్నల్ పోతుంది, దాంతో పేజీ కూడా పోతుంది. ఇవన్నీ తీసేసి, ఆ వ్యాసాన్ని పుస్తకంలా హాయిగా చదువుకునే ఏర్పాటు ఎలా వచ్చిందో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

అసలు ఈబుక్ వెబ్ కన్నా పెద్దది, వయసులో. 1971 జూలై 4న అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే కుర్రాడు అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లో టైప్ చేసి పెట్టాడు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అక్కడ మొదలైంది. అప్పటికి వెబ్ ఇంకా పుట్టలేదు, దానికి మరో 20 ఏళ్లు పట్టింది.

1993లో అడోబీ వాళ్లు పీడీఎఫ్ తెచ్చారు. మంచిదే, కానీ అది కాగితాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. ఏ4 కాగితానికి సరిపడా కూర్చిన పేజీని ఆరంగుళాల తెర మీద చదవాలంటే వేళ్లతో సాగదీసి, కుడికీ ఎడమకీ జరుపుకుంటూ పోవాలి. పీడీఎఫ్‌లో తెలుగు నవల ఫోన్‌లో చదివినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

తెర ఎంత ఉంటే అక్షరాలు అంతలో సర్దుకోవాలి. ఆ పని చేసేది ఈపబ్. 2007లో అధికారికంగా వచ్చింది. దీని లోపల ఏముందో తెలిస్తే నవ్వొస్తుంది. ఒక ఈపబ్ ఫైలు తీసుకుని, పేరు చివర ఈపబ్ బదులు జిప్ అని పెట్టి తెరవండి. లోపల వెబ్ పేజీలే ఉంటాయి! అధ్యాయాలన్నీ హెచ్‌టీఎంఎల్ కుటుంబానికి చెందిన ఫైళ్లు, పక్కన బొమ్మలు, ఒక విషయసూచిక, అంతా కలిపి ఒక మూట. అంటే వెబ్ పేజీని ఈబుక్ చేయడమంటే ఆ జాతి వస్తువునే మూట కట్టడం. ఆ పని కష్టం కాదు. పేజీలో ఏది వ్యాసం, ఏది చెత్త అని యంత్రానికి తెలియడమే అసలు చిక్కు.

మనకి చూడగానే తెలుస్తుంది. కంప్యూటర్‌కి మెనూ, ప్రకటన, వ్యాసం అన్నీ ఒకటే. 2009లో ఆర్క్90 అనే కంపెనీ రీడబిలిటీ అని ఒక చిన్న ప్రోగ్రామ్ వదిలింది. అది పేజీలోని పేరాలకు మార్కులు వేస్తుంది, మన టెన్త్ పేపర్లు దిద్దినట్టే. 25 అక్షరాలు కూడా లేని పేరాని పట్టించుకోదు. ప్రతి 100 అక్షరాలకు ఒక మార్కు, అలా మూడు దాకా. ప్రతి కామాకి ఒక మార్కు! ఎందుకంటే మెనూలో కామాలుండవు, మనిషి రాసిన వాక్యంలో ఉంటాయి. పెట్టె పేరులో సైడ్‌బార్, ఫుటర్ లాంటి మాట కనపడితే మార్కులు కోత. లింకులే ఎక్కువున్న చోట ఇంకా కోత. ఎక్కువ మార్కులు వచ్చిన పెట్టే వ్యాసం. ఇంత మోటు లెక్క పనిచేస్తుందని ఎవరు అనుకుంటారు? పనిచేసింది. తర్వాతి ఏడాదే ఆపిల్ తన సఫారీలో రీడర్ పెట్టినప్పుడు ఈ కోడ్‌నే వాడుకుంది. ఫైర్‌ఫాక్స్ రీడర్ వ్యూ వెనక ఉన్నదీ దీని వారసుడే. (మీలో వ్యాసాలు రాసేవాళ్లుంటే కామాలు కాస్త ధారాళంగా వాడండి, మార్కులు పడతాయి.)

ఇదే కాలంలో ఇంకో దారిలో ఒక భారతీయుడు పనిచేస్తున్నాడు. పేరు కోవిద్ గోయల్. 2006లో సోనీ ఒక ఈబుక్ రీడర్ అమ్మింది, అది లినక్స్‌తో మాట్లాడేది కాదు. అతను వాడేది లినక్స్. దాంతో తనే ప్రోగ్రామ్ రాసుకున్నాడు. 2008 నుంచి దాని పేరు క్యాలిబర్. ఈ ఫార్మాట్‌ని ఆ ఫార్మాట్‌గా మార్చడంతో పాటు, ఇందులో రెసిపీలు అని ఉంటాయి. రెసిపీ అంటే ఫలానా వార్తల సైటుకు వెళ్లి, వ్యాసాలు మాత్రం ఏరి, ఈబుక్‌గా కట్టి ఇచ్చే చిన్న స్క్రిప్టు. పొద్దున లేచేసరికి పేపర్ పుస్తకమై కూర్చుంటుంది. ఈనాటికీ ఉచితమే.

మరి తెలుగు సంగతి? ఇక్కడ మనం చాలాకాలం వెనకబడ్డాం, తప్పు పాఠకులది కాదు. మొదట్లో తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకునేవి. తెర మీద తెలుగు కనిపించేది గానీ, లోపల దాచింది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. అలాంటి పేజీని సేవ్ చేసి వేరే చోట తెరిస్తే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పద్మ అనే ఉచిత సాధనం వాటిని యూనికోడ్‌లోకి మార్చి ఎంతోమందిని గట్టెక్కించింది. 2016 చివర్లో కిండిల్ ఐదు భారతీయ భాషల్లో పుస్తకాలు మొదలుపెడితే, హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. అదే సమయంలో స్వచ్ఛందంగా నడిచే తెలుగు వికీసోర్స్‌లో ఏ పుస్తకాన్నైనా ఈపబ్‌గా దించుకోవచ్చు. పెద్ద కంపెనీ చేయని పని ఖాళీ సమయాల్లో కూర్చుని టైపు చేసినవాళ్లు చేశారు.

"లింకు దాచుకుంటే చాలదా, ఫైలు ఎందుకు" అనొచ్చు మీరు. 2009 జూలైలో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ పుస్తకాల్ని జనం డబ్బు పెట్టి కొన్నాక వాళ్ల కిండిల్స్‌లోంచే దూరం నుంచి తుడిచేసింది, హక్కుల తకరారు వచ్చిందని. తర్వాత క్షమాపణ చెప్పింది, అది వేరే విషయం. వ్యాసాలు దాచిపెట్టే రీడబిలిటీ సర్వీసు 2016లో మూతపడింది. 2007లో రీడ్ ఇట్ లేటర్‌గా మొదలై కోట్ల వ్యాసాలు దాచిన పాకెట్‌ని 2025 జూలై 8న మొజిల్లా ఆపేసింది. ఏళ్లుగా దాచుకున్నవాళ్లు గడువులోపు లిస్టు దించుకోడానికి పరుగులు పెట్టారు. దించుకున్నదాంట్లో ఉన్నవి లింకులు. వాటిలో చచ్చిపోయిన సైట్ల లింకులు కూడా ఉంటాయి కదా, అవి దేనికి పనికొస్తాయి? ఈపబ్ చేసి మెమరీ కార్డులో పడేసినవాడికి ఆ రోజు మామూలు రోజే.

ఒక్క మాట. మీరు చదువుకోడానికి చేసుకున్న ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి. వేరొకరి వ్యాసాలు పుస్తకంగా కట్టి టెలిగ్రామ్ గ్రూపులో పంచితే అది రాసినవాళ్ల పొట్ట కొట్టడం.

ఇక ఇవాళ చేసి చూడాలనుకునేవాళ్లకి: ముందు బ్రౌజర్‌లో రీడర్ మోడ్ నొక్కండి, వ్యాసం శుభ్రంగా వచ్చిందంటే ఈబుక్ కూడా బాగానే వస్తుంది. ఆ పేజీని కంప్యూటర్‌లో సేవ్ చేసి క్యాలిబర్‌లో వేసి ఈపబ్‌గా మార్చండి. తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తే కంగారు పడకండి, మార్చేటప్పుడు ఒక యూనికోడ్ తెలుగు ఫాంటుని లోపల పొదిగి, ఇంకో రీడర్ యాప్‌లో తెరిచి చూడండి. స్కాన్ చేసిన పాత పీడీఎఫ్‌లకి మాత్రం ఈ దారి పనికిరాదు, ఎందుకంటే వాటిలో ఉన్నవి అక్షరాలు కావు, ఫొటోలు. వాటి కథ వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను మరి.