హిమాలయ యాత్రకు దారి చూపేదెవరు?

తిరువూరు మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారికి ఒక కొన కృష్ణ ఒడ్డున ఇబ్రహీంపట్నంలో ఉంటే, రెండో కొన హిమాలయాల పాదాల దగ్గర, ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో ఉంది. కృష్ణాతీరం వాళ్లకు ఉత్తరాది కొండల మీదికి మనసు పోవడం కొత్త కాదు. ఇప్పుడు కాశీ, గయలతో ఆగకుండా నేపాల్, భూటాన్‌లను కలిపి చూపించే ప్యాకేజీ టూర్లు మామూలైపోయాయి. వాటిలో బస్సు, బస, మన వంట అన్నీ సమకూరుతున్నాయి గానీ, చూసినదానికి అర్థం చెప్పే మనిషే తరచుగా కరువు. మన యాత్రల చరిత్రను తిరగేస్తే దారి చూపేవాడు లేని యాత్ర దాదాపు కనిపించదు. అతను ఏం చెప్పాడన్నదాన్ని బట్టే యాత్ర విలువ పెరిగింది, తరిగింది. అందుకే హిమాలయ దేశాల టూర్లకు తెలుగు నేలకూ ఆ కొండలకూ ఉన్న పాత బంధాన్ని వివరించగల గైడు కావాలి.

ఏనుగుల వీరాస్వామయ్యతోనే మొదలుపెడదాం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మేలో పెద్ద పరివారంతో బయలుదేరి హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ ఈనాటికీ పనికొస్తోందంటే కారణం ఆయన పుణ్యక్షేత్రాల పట్టికతో సరిపెట్టకపోవడమే. ఏ మజిలీలో నీళ్లు దొరుకుతాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, అక్కడి జనం ఆచారాలేమిటి అన్నీ రాసుకున్నాడు. భక్తికి లోటు రాలేదు, పరిశీలన తగ్గలేదు. ఆ తర్వాత 1900 నాటికి గోదావరి మీద హేవలాక్ వంతెన పూర్తయి రైలు ప్రయాణం తేలికైంది. మజిలీలు పోయాయి, వాటితోపాటు దారి పొడవునా నేర్చుకునే తీరికా పోయింది. క్షేత్రంలో దిగాక పూజ చేయించే పండాయే యాత్రికుడికి గైడు అయ్యాడు.

కొండ దేశాలు బయటివారికి తలుపులు తీసింది ఇటీవలే. నేపాల్ 1950ల్లో విదేశీ యాత్రికులను రానిచ్చింది. 1956లో తెరుచుకున్న త్రిభువన్ రాజపథం ఖాట్మండును భారత సరిహద్దుతో కలిపింది. భూటాన్ 1974 దాకా ఆగి, గుర్తింపు పొందిన గైడు వెంట ఉండాలన్న పద్ధతి పెట్టుకుంది. 2022 సెప్టెంబరు నుంచి భారతీయులు కూడా అక్కడ రాత్రికి 1,200 రూపాయల చొప్పున రుసుము కడుతున్నారు. యాత్రికుల సంఖ్య కన్నా వాళ్లు తమ సంస్కృతిని గౌరవంగా తెలుసుకుని వెళ్లడం ముఖ్యమని ఆ చిన్న దేశం తేల్చుకుంది. మన టూర్లు నేర్చుకోవలసిన పాఠం ఇదే.

మన గైడు చెప్పవలసినది చాలా ఉంది. శాతవాహన రాజుకు ఆచార్య నాగార్జునుడు రాసిన లేఖగా పేరొందిన ‘సుహృల్లేఖ’ సంస్కృత మూలం మనకు మిగల్లేదు. టిబెటన్, చైనా అనువాదాలే దాన్ని కాపాడాయి. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటక (నేటి అమరావతి) స్తూపం దగ్గర ఉపదేశించాడని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది. 1416లో లాసా పక్కన వెలసిన ద్రెపుంగ్ మఠం ఆ ధాన్యకటకం పేరే పెట్టుకుంది. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇవ్వడానికీ ఈ నమ్మకమే కారణం. ఇక ఖాట్మండు పశుపతినాథుడి గర్భగుడిలో పూజలు చేసే భట్టులు దక్షిణాది నుంచి వెళ్లినవారే. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటైన ముక్తినాథ్ 3,700 మీటర్లకు పైన ఉంది. ఆ దారిలోని కాళీగండకి నదిలో దొరికే సాలగ్రామాలు తెలుగిళ్ల పూజామందిరాల్లో తరతరాలుగా అభిషేకాలు అందుకుంటున్నాయి. నున్నటి ఆ నల్లరాతిలో కనిపించే చక్రం, కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన ప్రాణి గవ్వ ముద్ర. హిమాలయాలు ఒకప్పటి సముద్రగర్భం నుంచి పైకి లేచాయనడానికి అదీ ఒక సాక్ష్యమే.

స్తూపాల సంగతి ఇంకా స్పష్టం. ఎన్టీఆర్ జిల్లాలోనే ఉన్న జగ్గయ్యపేట స్తూపాన్ని 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ తవ్వించాడు. అక్కడైనా, అమరావతిలోనైనా ఈనాడు మిగిలింది పునాది దిబ్బే. శిల్పఫలకాలు చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. అమరావతి ఫలకాల మీద స్తూపం నిండుగా కనిపిస్తుంది: గుండ్రటి అండం, దాని మీద గొడుగులు, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద అయిదేసి స్తంభాలు, చుట్టూ చేతులు జోడించిన జనం. రాతిలో నిలిచిపోయిన ఆ భక్తిని ఖాట్మండులోని స్వయంభూ స్తూపం దగ్గరో బౌద్ధనాథ్ దగ్గరో పొద్దున్నే నిలబడితే ప్రాణంతో చూడొచ్చు. వృద్ధులు జపమాల తిప్పుతూ స్తూపానికి ప్రదక్షిణ చేస్తుంటారు. మన దగ్గర ఆగిపోయిన ఆచారం అక్కడ నడుస్తోందని గైడు ఒక్క మాట చెబితే, ఫోటో తీసుకుని వెళ్లిపోయే యాత్రికుడు కూడా నిలబడి చూస్తాడు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. యాత్రికులు దైవదర్శనానికి వెళ్తారు, చరిత్ర పాఠానికి కాదంటారు కొందరు. కానీ సాలగ్రామం కథ తెలిస్తే భక్తి సన్నగిల్లదు. వీరాస్వామయ్య పుస్తకమే ఆ భయానికి జవాబు. ధాన్యకటకంలో కాలచక్రం ఉపదేశమన్నది నమ్మకమే గానీ చరిత్ర కాదంటారు ఇంకొందరు. నిజమే, గైడు ఆ తేడాను దాచకూడదు. అయితే ఒక జాతి వందల ఏళ్లుగా మన ఊరి పేరును పవిత్రంగా తలుచుకుంటోందన్నది మాత్రం చరిత్రే. గైడు వెంట ఉంటే స్వేచ్ఛ పోతుందన్న మాటలోనూ కొంత నిజముంది. గంటకో గుడి చూపించి తరిమే టూరులో ఆ స్వేచ్ఛ ఎలాగూ లేదు. చూసేచోట్లు తగ్గించి, నిలిచే సమయం పెంచితే అది తిరిగొస్తుంది. కాబట్టి ఈ ప్రాంతం నుంచి సాగే హిమాలయ యాత్ర ముందుగా జగ్గయ్యపేట, అమరావతి దిబ్బల దగ్గర ఒక రోజు ఆగాలి. వెంట వచ్చే గైడుకు తెలుగుతో పాటు ఈ చరిత్ర కూడా వచ్చి ఉండాలి. సొంత నేల మీద స్తూపం ఎలా ఉండేదో తెలిసినవాడికే, ఖాట్మండులోనూ భూటాన్‌లోని పారోలోనూ తాను చూస్తున్నది ఎంత దగ్గరి బంధువో అర్థమవుతుంది.