అంగడివీధి శిల్పములు, జాతీయ కళాశాల చిత్రములు

మచిలీపట్టణమున (బందరున) రాబర్టుసన్‌పేట అను పేట నేటికిని ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఇక్కడ కలెక్టరుగా ఉండిన రాబర్టుసన్ దొర, తాను నెలకొల్పిన కొత్త అంగడికి శోభ కల్పింపదలచి, అమరావతి మహాచైత్యమునుండి శిల్పఫలకములను తెప్పించి ఆ అంగడి కూడలిలో నిలిపించెను. ఆయన సంకల్పము పురావస్తు సంరక్షణము కాదు. బౌద్ధధర్మముపై భక్తి అంతకంటెను కాదు. తన పేరిట వెలసిన పేటకు ఒక అలంకారము కావలెనన్నది మాత్రమే. అయినను, శాతవాహనుల కాలపు శిల్పులు పాలరాతి వంటి తెల్లని సున్నపురాతిమీద చెక్కిన పద్మములును, ధర్మచక్రములును, బోధివృక్షమునకు అంజలి ఘటించిన స్త్రీపురుషులును, సరకులు కొన వచ్చిన సామాన్యజనుల కన్నులయెదుట, ప్రవేశ రుసుము లేక, కావలివాడు లేక, వివరించు పండితుడు లేక, ఎండలో వానలో నిలిచియుండెను. మద్రాసు మ్యూజియము పుట్టినది 1851లో. వాల్టరు ఎలియట్ 1845లో అమరావతిలో త్రవ్వించిన శిలలు లండనుకు ఓడ యెక్కినది 1859లో. ఈ రెంటికిని ముందే అమరావతి శిల్పమును జనుల నడుమ నిలిపి చూపిన ఊరు బందరు. ఈ సంగతి మన దేశచరిత్ర రచనలలో ఇంతకంటె ప్రముఖముగా రావలసియుండెనని నా అభిప్రాయము.

ఆ శిలలు ఇక్కడ స్థిరముగా నిలువలేదు. 1835లో మద్రాసు గవర్నరు ఫ్రెడరిక్ ఆడం బందరు వచ్చినప్పుడు వానిని చూచి, వాని ఉత్కృష్టత గ్రహించి, మద్రాసుకు తరలింపవలెనని తలచెను. ఆ పని వెంటనే జరుగలేదు. కొన్ని ఫలకములు అలెగ్జాండర్ అను దొర తోటకు చేరెను. అక్కడినుండి 1850ల దశకమున మద్రాసు మ్యూజియమునకు పోయెను. సముద్రపు ఉప్పుగాలికి, అంగడి త్రొక్కిడికి గురికాక ఆ శిల్పములు నేడు మనకు దక్కినవనిన, ఆ తరలింపువలన కలిగిన మేలును కాదనరాదు. కాని బందరు వాసులకు మాత్రము, తమ తాతలు అంగడికి పోయినపుడెల్ల చూచిన బొమ్మలను, మనుమలు రెండు వందల మైళ్లకు మించిన ప్రయాణము చేసి చూడవలసిన స్థితి ఏర్పడెను. ఎలియట్ శిలలు 1880లో బ్రిటిషు మ్యూజియమున చేరినవి. వానికై పోవలసిన దూరము చెప్పనే అక్కరలేదు.

దివిసీమ అంచున ఉన్న ఘంటసాల కథయు ఇట్టిదే. టాలమీ భూగోళమున కొంటకోస్సిల అని పేర్కొన్న రేవుపట్టణము ఇదియేనని చరిత్రకారులు తలంతురు. అలెగ్జాండర్ రీ గుడివాడ, ఘంటసాల, భట్టిప్రోలు స్తూపములను పరిశోధించి 1894లో గ్రంథస్థము చేసెను. ఘంటసాల శిల్పములు కొన్ని పారిసు నగరమున గీమే మ్యూజియమునకు చేరియున్నవి. గుడివాడ లంజదిబ్బ మాత్రము దిబ్బగానే మిగిలినది.

ఇంతకును, ఈ కృష్ణా డెల్టాలో కళను చూచు పద్ధతి గోడకు పటము తగిలించి దూరముగా నిలిచి చూచు పద్ధతి కాదు. కూచిపూడి భాగవతులు రాత్రి తెల్లవార్లు ఆడిన ఆటను జనులు నేలపై కూర్చుండి చూచిరి. బందరు అద్దకపుబట్టను తాకి, మడిచి, కట్టుకొని చూచిరి. గోలకొండ సుల్తానుల ఏలుబడిలో, 1605 మొదలు డచ్చివారును, 1611 మొదలు ఇంగ్లీషువారును ఇక్కడ వర్తకస్థానములు ఏర్పరచుకొన్నది ప్రధానముగా ఈ బట్టల కొరకే. కరక్కాయ కషాయమున, గేదెపాలలో తడిపిన గుడ్డమీద, ఇనుప తుప్పును బెల్లపునీట ఊరవేసిన నలుపును, పటికతో కుదిరిన చిరివేరు ఎరుపును కలమున గాని చెక్క అచ్చుతో గాని ఎక్కించు ఆ విద్య, పెడనలో, బందరులో నేటికిని జీవించియున్నది. దాని అత్యుత్తమ నమూనాలు మాత్రము లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమునందును, న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియమునందును గాజుపెట్టెలలో ఉన్నవి. అద్దకపువాని కొడుకు తన ముత్తాత కాలపు పనిని చూడదలచినచో, ఒక విదేశీ గ్రంథపు ఛాయాచిత్రమున చూడవలసినదే గదా!

ఈ వియోగమునకు ప్రత్యుత్తరము వంటిది ఆంధ్ర జాతీయ కళాశాల. 1907లో బిపినచంద్రపాలుడు బందరు వచ్చి ఉపన్యసించినపుడు రగుల్కొన్న స్వదేశీ భావము ఊరక ఉపన్యాసములతో చల్లారక, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య అను మువ్వురు మిత్రుల దీక్షవలన, 1910లో విద్యాలయముగా రూపు దాల్చెను. హనుమంతరావు ఎం.ఏ., బి.ఎల్. చదివినవాడు, వకీలు వృత్తి చేసి ధనమార్జింపగలవాడు, ఆ మార్గమును విడిచి తన యావజ్జీవితమును ఈ సంస్థకు ధారపోసి, 1922లో నడివయస్సుననే గతించెను. ప్రభుత్వ ధనమును ఆశింపక, ప్రభుత్వ గుర్తింపును కోరక, చందాలపై బ్రదికిన ఆ కళాశాలలో పుస్తకవిద్యతో పాటు వడ్రంగము, నేత, తివాచీపని, యంత్రశిల్పము, వ్యవసాయము నేర్పిరి. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఇక్కడ ఉపాధ్యాయుడై ఉండి, 1916లో జాతీయ పతాకమునకు ముప్పది నమూనాలు చూపుచు ఒక పుస్తకమును ప్రకటించెను. దేశమునకు జెండా ఎట్లుండవలెనను ప్రశ్నను రూపముతో, వర్ణముతో ఆలోచించిన ఆంధ్రుడాయన. 1921లో గాంధీమహాత్ముడు బందరు వచ్చి ఈ కళాశాలను దర్శించెను.

చేతిపనిని చదువుతో సమానముగ చూచిన ఇట్టి సంస్థలోనే చిత్రకళకు సముచిత స్థానము దొరకుట సహజము. 1920ల తొలి ఏండ్లలో వంగదేశీయుడైన ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు ఇక్కడికి చిత్రాచార్యుడుగా వచ్చెను. చిత్రకారుడైన అవనీంద్రనాథుని చుట్టును వికసించిన నవ్యవంగ సంప్రదాయమును కృష్ణాతీరమునకు తెచ్చినవాడాయన. ఆయన కేవలము చిత్రకారుడు కాడు; హిమాలయములలో, తీర్థములలో సంచరించి, సాధువులతో మెలగి, వంగభాషలో ఆ అనుభవములను గ్రంథములుగా వ్రాసిన అన్వేషకుడు. ఆయన చిత్రములలో కనబడు ధ్యానమగ్న దేవతామూర్తులు ఆ జీవితమునుండి పుట్టినవే. ఆయన శిష్యులలో అడివి బాపిరాజు, కవుతా రామమోహనశాస్త్రి, కవుతా ఆనందమోహనశాస్త్రి, గుర్రం మల్లయ్య ప్రసిద్ధులైరి. అదే కాలమున రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు వేరొక బాటను, బొంబాయి శిక్షణతో కూడిన బాటను, తీర్చుచుండెను. 1925లో ఆ ప్రతిభ అకాలమున అస్తమించినది. ఈ రెండు పట్టణములనుండియే ఆధునికాంధ్ర చిత్రకళ మొదలైనదని చెప్పుట అతిశయోక్తి కాదు.

బాపిరాజు 1895లో జన్మించెను. కవి, నవలాకారుడు, చిత్రకారుడు, గాయకుడు. ఆయన నారాయణరావు నవలయు విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును పంచుకొన్న సంగతి పాఠకులెరిగినదే. విశ్వనాథయు ఈ కళాశాలలో ఉపాధ్యాయుడుగా నుండినవాడే. బాపిరాజు 1934 మొదలు 1939 వరకు తాను చదివిన కళాశాలకే అధ్యక్షుడుగా ఉండెను. చిత్రకారుడు ఒక విద్యాసంస్థకు అధ్యక్షుడగుట మన దేశమున నాడును అరుదు, నేడును అరుదే. ఆయనను ఆ పీఠమున కూర్చుండబెట్టినవారి దృష్టిలో, కుంచె పట్టగల చేయి, పాలనకు పనికిరానిది కాదు. ఈ ఒక్క నిర్ణయము చాలును, బందరు విద్యావేత్తల మనస్సెట్టిదో తెలియుటకు.

ఆ చిత్రములు జనులను చేరిన మార్గము వేరొకటి కలదు, అది అచ్చుకాగితము. గుడివాడ ప్రాంతమున ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924లో భారతి మాసపత్రికను స్థాపించి, అందు త్రివర్ణ చిత్రములుగా ఆంధ్ర చిత్రకారుల కృతులను ముద్రించెను. ఆంధ్రపత్రిక సంవత్సరాది సంచికలు అంతకు పూర్వమునుండియే ఈ పని చేయుచుండెను. బందరునుండి కృష్ణాపత్రికలో ముట్నూరి కృష్ణారావు కళాతత్త్వమును గూర్చి వ్రాసిన వ్యాసములు, చిత్రమును ఎట్లు చూడవలెనో తెలుగు పాఠకునకు నేర్పినవి. పత్రికలోని చిత్రపటమును జాగ్రత్తగా విడదీసి, చట్రము కట్టించి, చావడిలో తగిలించుకొన్న రైతుగృహమునకు ఆ గోడయే చిత్రశాల. సంపాదకుడును, చిత్రాచార్యుడును, చందాదారుడును కలిసి నిలిపిన ఈ ప్రదర్శనకు కట్టడము లేదు, కాని ప్రేక్షకులు మాత్రము మ్యూజియముల కసూయ పుట్టించునంత మంది.

విశ్వవిద్యాలయములకు కళాసంగ్రహములు ఉండుట లోకమున కొత్త కాదు. ఆక్సుఫర్డున ఆష్మోలియన్ మ్యూజియము 1683లోనే ద్వారములు తెరచెను. మన దేశమున కలకత్తా విశ్వవిద్యాలయము 1937లో ఆశుతోష్ మ్యూజియమును నెలకొల్పెను. కాశీలో రాయ్ కృష్ణదాసు 1920లో ప్రారంభించిన కళాసంగ్రహము భారత కళాభవనమను పేర పెరిగి, 1950లో హిందూ విశ్వవిద్యాలయమునకు చేరినది. కృష్ణదాసు ప్రారంభించిన నాటికి బందరులో కళాశాల పదేండ్ల వయస్సుది, ఆచార్యుడు వచ్చుచున్నాడు, శిష్యులు ఉన్నారు, సంపాదకులు ఉన్నారు, చేతిపనుల శాలలు ఉన్నవి. కొదవ పడినది ధనము, స్థిరత్వము. చందాలు సన్నగిల్లెను, ఉద్యమములలో నాయకులు కారాగారములకు పోయిరి, ప్రభుత్వ గుర్తింపు లేని పట్టముతో బ్రదుకుతెరువు దొరకక విద్యార్థులు తగ్గిరి. జాతీయ విద్యాలయములన్నిటికిని పట్టిన గతి ఇదే. దీనికి తోడు 1864 నవంబరున ముప్పదివేల ప్రాణములను హరించిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిన ఉప్పెన వంటి ప్రళయములు కాగితమును, గుడ్డను, రంగును ఈ తీరమున నిలువనీయవు. చిత్రములను ఇక్కడ దాచుట యనగా ముందు ఎత్తైన, గట్టి, గాలి తడి చొరని గది కట్టుట.

ఇప్పుడు బందరుకు స్వంత విశ్వవిద్యాలయము కలదు; 2008లో కృష్ణా విశ్వవిద్యాలయము ఏర్పడినది. చదువును, చేతిపనిని, చూపును ఒక్క కప్పు క్రింద కూర్చిన ఆ పాత కళాశాల ఆదర్శమును స్వీకరించి ఒక చిత్రశాలను నెలకొల్పుటకు అంతకంటె అర్హమైన సంస్థ ఈ డెల్టాలో లేదు. అట్టి చిత్రశాలలో నిలువవలసినవి విలువైన ప్రాచీన శిలలే కానక్కరలేదు. అమరావతి, ఘంటసాల ఫలకముల అచ్చుపోతలను లండను, పారిసు, మద్రాసు మ్యూజియములనుండి అడిగి తెప్పింపవచ్చును. పెడన అద్దకపు అచ్చులు అరిగి మూలపడకముందే సేకరింపవచ్చును. సంవత్సరమునకొకసారి పెడన పనివారిని పిలిచి, విద్యార్థుల యెదుట అద్దించి, ఆ గుడ్డను అక్కడనే వ్రేలాడదీయవచ్చును. కూచిపూడి ఆట, ఘంటసాల చరిత్ర ఉపన్యాసము, బడిపిల్లల చిత్రలేఖనము అదే ప్రాంగణమున జరుగవచ్చును. చూడవచ్చువారికి టిక్కెట్టు ఉండరాదు. రాబర్టుసన్‌పేట అంగడిలో లేని టిక్కెట్టు ఇక్కడ ఎందుకు?

పాఠకులకు ఒక మనవి. మీ పెద్దల బీరువాలలో కృష్ణాపత్రిక, భారతి పాత సంపుటములుండినను, ఆంధ్రపత్రిక సంవత్సరాది సంచికలోని త్రివర్ణ చిత్రము చట్రములో వెలసిపోవుచుండినను, బందరు అద్దకపు పాత దుప్పటి ఏ ట్రంకుపెట్టెలోనైన మడతపడియుండినను, జాతీయ కళాశాలలో చదివినవారి చేతి చిత్రము ఏ గోడనైన ఉండినను, దానిని చెత్తతో పాటు అమ్మివేయకుడు. దానిపై ఎవరిది, ఎప్పటిది, ఎట్లు వచ్చినది అను మూడు సంగతులు ఒక చీటీపై వ్రాసి దానితో ఉంచుడు. చిత్రశాల కట్టిన నాడు దానికి మొదట కావలసినవి అవియే.